సెక్యూరిటీస్ వ్యాజ్యాల న్యాయవాది: హైదరాబాద్, శంషాబాద్ ప్రాంతం

షేర్లు, బాండ్లు, డిబెంచర్లు, ఫండ్ యూనిట్ల జారీలోనూ క్రయవిక్రయాల్లోనూ తలెత్తే తగాదాలను వాదించే వకీలును సెక్యూరిటీస్ వ్యాజ్యాల న్యాయవాది అంటారు. కంపెనీ చెప్పాల్సింది దాచిందా, లేనిది ఉన్నట్టు చూపిందా, లోపలివాళ్లు సంగతి ముందే తెలుసుకుని షేర్లు అమ్ముకున్నారా, బ్రోకరు ఖాతాదారుల షేర్లను తన అప్పుకు తాకట్టు పెట్టాడా అన్న ప్రశ్నల చుట్టూ ఈ పని తిరుగుతుంది. విలీనాలు, ఒప్పందాలు రాసే కార్పొరేట్ న్యాయవాదుల పని సంతకాలతో ముగుస్తుంది. వ్యాజ్యాలు వాదించేవారి పని, ఆ సంతకాల వెనక మోసం ఉందని ఎవరో ఒకరు అన్న రోజున మొదలవుతుంది.

భారతదేశంలో ఈ వృత్తి వయసు ఒక తరం మాత్రమే. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి చట్టబద్ధమైన అధికారాలు 1992లో వచ్చాయి. దాని ఉత్తర్వులపై అప్పీళ్లు వినే సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్, వకీళ్ల వాడుకలో సాట్, 1995లో ఏర్పడింది. అంతకుముందు షేర్ల తగాదా అంటే సివిల్ దావా, లేదంటే కంపెనీ లా బోర్డు పిటిషన్. సెబీ తొలినాళ్లలో చైర్మన్‌గా ఉండి దాన్ని నిలబెట్టినవారు ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారి జి.వి. రామకృష్ణ. నియంత్రణ సంస్థకు తెలుగు నేలతో ఉన్న తొలి బంధం అది. తర్వాతి బంధం అంత గౌరవప్రదమైనది కాదు.

దేశాన్ని కుదిపిన లెక్కల మోసం సత్యం కంప్యూటర్స్‌ది. అది బయటపడింది హైదరాబాద్‌లో. దాన్ని విచారించిన వేదికల్లో మాత్రం క్రిమినల్ కోర్టు ఒక్కటే ఇక్కడ ఉంది. సెబీ కార్యాలయం ముంబై బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో, సాట్ నారిమన్ పాయింట్‌లో, సుప్రీంకోర్టు ఢిల్లీలో. మదుపరుల చేతికి నిజంగా డబ్బు ఇప్పించిన కోర్టు న్యూయార్క్‌లో. కేసు ఇక్కడ, వేదిక ఎక్కడో. ఈ వృత్తి గురించి హైదరాబాద్ నుంచి చెప్పుకోవలసిన ముఖ్యమైన సంగతి ఇదే. ఇక్కడి వకీళ్ల సంపాదన, శిక్షణ, ప్రయాణాలు, పరిమితులు అన్నీ దీనివల్లే ఇలా ఉన్నాయి.

ఎక్స్ఛేంజి పోయాక

హైదరాబాద్‌కు సొంత స్టాక్ ఎక్స్ఛేంజి ఉండేది. 1943లో మొదలై 1958లో కేంద్ర ప్రభుత్వ గుర్తింపు పొందింది. సోమాజిగూడలో సొంత భవనం కట్టుకుంది. కంప్యూటర్ల మీద దేశమంతటా నడిచే ట్రేడింగ్ వచ్చాక ప్రాంతీయ ఎక్స్ఛేంజిల గిరాకీ పడిపోయింది. సభ్యుల చేతుల్లోంచి యాజమాన్యాన్ని వేరుచేయాలన్న నిబంధన నెరవేరక 2007లో దాని గుర్తింపు పోయింది. ఎక్స్ఛేంజి ఉన్నన్నాళ్లూ బ్రోకర్ల తగాదాలు, డెలివరీ ఎగవేతలు, మధ్యవర్తిత్వాలు స్థానిక వకీళ్లకు చేతినిండా పని ఇచ్చేవి. అది పోవడంతో ఆ చిన్న పని కూడా ముంబైకి తరలింది.

మరుసటి ఏడాది, 2008 మార్చి 23న, శంషాబాద్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలై బేగంపేట నుంచి పౌర విమానాలు ఆగిపోయాయి. అదే ఏడాది నవంబరులో ఔటర్ రింగ్ రోడ్డు తొలి భాగం, గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా, తెరుచుకుంది. 2009 అక్టోబరులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. ఐటీ కంపెనీలున్న పడమటి హైదరాబాద్‌కూ విమానాశ్రయానికీ మధ్య దూరం ఒక్కసారిగా తగ్గింది. ఈ రెండు రోడ్ల ప్రారంభాల మధ్య కాలంలోనే, 2009 జనవరిలో, సత్యం కూలింది. దర్యాప్తు అధికారులు, ఆడిటర్లు, విదేశీ మదుపరుల వకీళ్లు, కొత్త బోర్డు సభ్యులు అందరూ దిగింది కొత్త రన్‌వే మీదే.

సత్యం: ఒక కేసు, అనేక కోర్టులు

బైర్రాజు రామలింగరాజు 1987లో స్థాపించిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్, 2001లో తన డిపాజిటరీ షేర్లను న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో లిస్ట్ చేసింది. అప్పట్లో అది ప్రతిష్ఠ. ఏడేళ్ల తర్వాత ఆ లిస్టింగే కంపెనీని అమెరికా న్యాయస్థానం ముందు నిలబెట్టింది.

2008 డిసెంబరు 16న సత్యం బోర్డు, ప్రమోటర్ల కుటుంబానికే చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగానూ, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్నీ కలిపి 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. న్యూయార్క్‌లో షేరు సగానికి పైగా పడిపోవడంతో గంటల్లోనే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. 2009 జనవరి 7న రామలింగరాజు బోర్డుకు లేఖ రాశారు. పుస్తకాల్లో ఉన్న 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేవని, రావలసిన వడ్డీగా చూపిన 376 కోట్లు కల్పితమని, 1,230 కోట్ల అప్పు లెక్కల్లోకి ఎక్కలేదని, రావలసిన బాకీలు 490 కోట్ల మేర పెంచి చూపామని ఆ లేఖ సారాంశం. ఆ రోజు బొంబాయిలో షేరు 179 రూపాయల చుట్టుపక్కల నుంచి 40కి దిగింది. లేని ఆదాయాన్ని ఎలా సృష్టించారన్నది దర్యాప్తులో తేలింది. 7,561 నకిలీ ఇన్‌వాయిస్‌లు కంపెనీ కంప్యూటర్ వ్యవస్థలోకే ఎక్కించి, సిబ్బంది కంటికి కనబడకుండా దాచారు.

సెక్యూరిటీస్ వకీలుకు ఈ కేసు పాఠ్యపుస్తకం వంటిది. ఒకే వాస్తవం ఎన్ని వేదికల్లో ఎన్ని రూపాలు ఎత్తుతుందో ఇందులో కనబడుతుంది. కేంద్ర ప్రభుత్వం కంపెనీ లా బోర్డుకు వెళ్లి పాత బోర్డును తొలగించింది. కొత్త బోర్డులోకి దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్‌లతో పాటు సి. అచ్యుతన్‌ను తీసుకుంది. ఆయన సాట్‌కు ఒకప్పటి అధ్యక్షుడు. మునిగిన ఓడకు ఎలాంటి నావికుడు కావాలో ప్రభుత్వానికి ఆ సమయంలో సరిగ్గానే తోచింది. ఏప్రిల్‌లో షేరుకు 58 రూపాయల చొప్పున 31 శాతం వాటాను టెక్ మహీంద్రా వేలంలో గెలుచుకుంది. క్రిమినల్ కేసు రాష్ట్ర సీఐడీ నుంచి సీబీఐకి వెళ్లింది. 226 మంది సాక్షులు, 3,000కు పైగా పత్రాలు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రామలింగరాజు, ఆయన సోదరుడు రామరాజు, ఆడిట్ సంస్థ భాగస్వాములు ఇద్దరు సహా పదిమందికి ఏడేళ్ల కఠిన శిక్ష వేసింది. మరుసటి నెలే పై కోర్టు శిక్షను నిలిపివేసి బెయిలు ఇచ్చింది.

నష్టపోయిన మదుపరికి వీటిలో ఏ ఒక్కటీ రూపాయి ఇవ్వలేదు.

న్యూయార్క్‌లో దొరికింది, ఇక్కడ దొరకనిది

జనవరి 7 లేఖ వచ్చిన రోజుల్లోనే అమెరికాలో దావాలు పడ్డాయి. వాటన్నిటినీ కలిపి న్యూయార్క్ సదరన్ డిస్ట్రిక్ట్ ఫెడరల్ కోర్టులో న్యాయమూర్తి బార్బరా జోన్స్ ముందు పెట్టారు. అమెరికా 1995 చట్టం ప్రకారం ఇలాంటి కేసుల్లో ఎక్కువ నష్టపోయిన పెద్ద మదుపరి ముందుండి నడపాలి. సత్యం కేసులో ఆ స్థానం మిసిసిపీ ప్రభుత్వోద్యోగుల పింఛను నిధికి, బ్రిటన్ గని కార్మికుల పింఛను పథకానికి, నార్వే, డెన్మార్క్ నిధులు రెండింటికి దక్కింది. హైదరాబాద్ ఇంజనీర్ల కంపెనీలో వెల్ష్ గని కార్మికుడి పింఛను డబ్బు ఉందన్న సంగతి, దావా పత్రాలు చదివితే తప్ప మనలో చాలామందికి తట్టి ఉండదు.

2011లో రాజీ కుదిరింది. సత్యం 12.5 కోట్ల డాలర్లు, దాని లెక్కలు ఆడిట్ చేసిన ప్రైస్ వాటర్‌హౌస్ సంస్థలు 2.55 కోట్ల డాలర్లు. అదే ఏడాది ఏప్రిల్‌లో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ, సత్యంపై కోటి డాలర్లు, భారత ఆడిట్ సంస్థలపై 60 లక్షల డాలర్ల జరిమానాలతో తన వ్యవహారం ముగించింది. రాజీ సొమ్ము వచ్చింది న్యూయార్క్‌లో డిపాజిటరీ షేర్లు కొన్నవారికి, భారత ఎక్స్ఛేంజిల్లో కొన్న అమెరికా నివాసులకు. దిల్‌సుఖ్‌నగర్‌లోనో విజయవాడలోనో డీమ్యాట్ ఖాతాలో అదే కంపెనీ షేరు పెట్టుకున్న ఉపాధ్యాయుడికి కాదు. విదేశీ ఎక్స్ఛేంజిలో జరిగిన క్రయవిక్రయాలకు అమెరికా మోస నిరోధక సూత్రం వర్తించదని 2010 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు మోరిసన్ కేసులో తేల్చేసింది. ఆ తలుపు అలా మూసుకుంది.

ఇక్కడి తలుపు అసలే తెరుచుకోలేదు. మదుపరుల సంఘం ఒకటి దాదాపు మూడు లక్షల మంది తరఫున సుమారు 5,000 కోట్ల పరిహారం కోరుతూ జాతీయ వినియోగదారుల కమిషన్‌కు వెళ్లింది. అక్కడా, 2009లో సుప్రీంకోర్టులోనూ చుక్కెదురైంది. సివిల్ కోర్టుకు పోదామంటే సెబీ పరిధిలోని విషయాలపై సివిల్ కోర్టులకు అధికారం లేదని సెబీ చట్టమే చెబుతుంది. పోయినా, కోర్టు ఫీజు, ఏళ్ల వాయిదాలు, నష్టం ఎంతో నిపుణులతో రుజువు చేసుకునే ఖర్చు. పదివేలు పోగొట్టుకున్నవాడు లక్ష పెట్టి దావా వేయడు.

అమెరికాలో ఈ లెక్క కుదరడానికి కారణం మదుపరుల పట్టుదల అనుకుంటే పొరపాటు. వకీలు ఫీజు పద్ధతే కారణం. అక్కడ మదుపరుల పక్షాన నిలిచే సంస్థలు ఖర్చంతా ముందు తామే పెట్టుకుని, గెలిస్తే కోర్టు ఒప్పుకున్న శాతాన్ని రాబడిలోంచి తీసుకుంటాయి. ఓడితే ఏమీ రాదు. భారత బార్ కౌన్సిల్ వృత్తి నియమాలు ఫలితాన్ని బట్టి ఫీజును, రాబడిలో వాటాను నిషేధించాయి. ఈ నియమం వెనక మంచి ఉద్దేశమే ఉంది. వకీలు కక్షిదారు ఆస్తిలో భాగస్వామి కాకూడదన్న పాత నీతి అది. కానీ ఫలితం చూస్తే, చెల్లాచెదురుగా ఉన్న లక్షమందిని ఒక్కటి చేసి కోర్టుకు తీసుకురాగలిగిన వకీలుకు ఆ పని చేయడానికి ఏ ఆర్థిక కారణమూ మిగలలేదు. అందుకే ఇక్కడ సెక్యూరిటీస్ వకీలు అంటే దాదాపు ఎప్పుడూ సెబీ నోటీసు అందుకున్నవారి వకీలే. మదుపరి పక్షం కుర్చీ ఖాళీ.

సత్యం తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టం ఆ ఖాళీని పూరించబోయింది. దాని 245వ సెక్షన్ 2016 జూన్ 1న అమల్లోకి వచ్చింది. వందమంది వాటాదారులు, లేదా లిస్టెడ్ కంపెనీలో రెండు శాతం వాటా ఉన్నవారు కలిసి కంపెనీ మీద, డైరెక్టర్ల మీద, ఆడిటర్ల మీద కూడా జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ)లో ఉమ్మడి వ్యాజ్యం వేయవచ్చు. మదుపరుల విద్య, రక్షణ నిధి నుంచి ఖర్చులు తిరిగి రాబట్టుకునే వీలు కూడా చట్టంలో ఉంది. అయినా పేరు వినబడే కేసు, జిందాల్ పాలీ ఫిల్మ్స్ చిన్న వాటాదారులది, ఢిల్లీలో పడటానికి ఏళ్లు పట్టింది. తలుపు తీసి పెట్టారు గానీ, లోపలికి తీసుకెళ్లేవాడికి కూలి ఎవరిస్తారో చెప్పలేదు.

సెబీ దారి

కాబట్టి రోజువారీ వృత్తి సెబీ, సాట్‌ల మధ్య నడుస్తుంది. వరుస ఇలా ఉంటుంది. దర్యాప్తు, సమన్లు, షోకాజ్ నోటీసు, పత్రాల పరిశీలన, రాతపూర్వక జవాబు, పర్సనల్ హియరింగ్, ఉత్తర్వు. అత్యవసరమైతే నోటీసు లేకుండానే ఎక్స్‌పార్టీ మధ్యంతర ఉత్తర్వు వచ్చి పడుతుంది. అది శుక్రవారం సాయంత్రం రావడం మామూలేనని ఈ వృత్తిలోవారు నవ్వుతూ అంటుంటారు. ఉత్తర్వు మీద 45 రోజుల్లో సాట్‌కు, అక్కడి నుంచి న్యాయ ప్రశ్న ఉంటే 60 రోజుల్లో సుప్రీంకోర్టుకు అప్పీలు. హైకోర్టులో రిట్ వేయవచ్చు గానీ, సాట్ ఉండగా ఇక్కడికెందుకు వచ్చారన్న ప్రశ్న మొదట ఎదురవుతుంది.

ఇందులో వాదనకన్నా ముందు గెలవాల్సింది పత్రాల పోరు. సెబీ తన దర్యాప్తు నివేదికను నిందితుడికి చూపించాలా అన్నది ఏళ్ల తరబడి నలిగింది. 2022 ఫిబ్రవరిలో టకానో కేసులో సుప్రీంకోర్టు, సంబంధమున్న భాగాలు చూపించాల్సిందేనని చెప్పింది. ఉద్దేశపూర్వకంగా చేయలేదన్న వాదన జరిమానా విషయంలో పనికిరాదని శ్రీరామ్ మ్యూచువల్ ఫండ్ కేసులో 2006లోనే తేలింది. అందువల్ల మంచి వకీలు నిజాయితీ గురించి ఉపన్యాసం ఇవ్వరు. ట్రేడ్ లాగ్‌లు, బ్యాంకు బదిలీలు, ఫోన్ రికార్డుల వరుసలు, డీమ్యాట్ స్టేట్‌మెంట్లు ముందేసుకుని కూర్చుంటారు. ఇన్‌సైడర్ ట్రేడింగ్‌లో, రహస్య సమాచారం చేతులు మారిందని సెబీ రుజువు చేయాలి, బంధుత్వం ఒక్కటే చాలదని 2022 బలరామ్ గార్గ్ తీర్పు. మన దగ్గర ప్రమోటర్లు, డైరెక్టర్లు, పంపిణీదారులు ఒకే బంధువర్గంలో ఉండటం ఎక్కువ కనుక ఈ తీర్పు హైదరాబాద్ చాంబర్లలో బాగా పనికొస్తుంది.

ఈ దారి ఎంత పొడవో చెప్పడానికి మళ్లీ సత్యమే సాక్షి. 2014 జులై 15న సెబీ, రామలింగరాజు తదితరులను 14 ఏళ్లు మార్కెట్ నుంచి నిషేధించి, 1,849 కోట్ల అక్రమ లాభాన్ని 12 శాతం వడ్డీతో కట్టమంది. 2017లో సాట్ లెక్క తిరిగి చూడమంది. 2018 నవంబరులో మొత్తం సుమారు 813 కోట్లకు దిగింది. 2023 ఫిబ్రవరిలో సాట్ దాన్నీ కొట్టేసి వెనక్కి పంపింది. ఆ ఏడాది నవంబరు 30న సెబీ 624 కోట్లుగా తేల్చింది. మోసం జరిగిందా అన్నది మొదటి ఉత్తర్వుతోనే దాదాపు స్థిరపడింది. మిగతా తొమ్మిదేళ్ల పోరాటమంతా ఎవరు ఎంత లాభపడ్డారు, అందులోంచి ఏది తీసేయాలి అన్న కూడిక తీసివేతల మీద. నేరం ఒప్పుకున్న కేసులో కూడా 1,849కీ 624కీ మధ్య తేడా వకీళ్ల, అకౌంటెంట్ల చేతుల్లో ఉంటుంది. ఈ వృత్తిలో లెక్కలు రానివారు ఎంత దూరం పోగలరో ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

ఆడిటర్ల సంగతి వేరే పాయ. తాము సెబీ పరిధిలోకి రామన్న ప్రైస్ వాటర్‌హౌస్ వాదనను 2010లో బొంబాయి హైకోర్టు ఒప్పుకోలేదు. 2018 జనవరిలో సెబీ ఆ సంస్థలను లిస్టెడ్ కంపెనీల ఆడిట్ నుంచి రెండేళ్లు నిషేధించింది. 2019 సెప్టెంబరులో సాట్ నిషేధాన్ని కొట్టేసి, తీసుకున్న ఫీజు తిరిగి కట్టించడాన్ని మాత్రం నిలిపింది.

ఇతర హైదరాబాద్ కేసులు

కార్వీ స్టాక్ బ్రోకింగ్ కేసు కూడా చాలా ఇళ్లను తాకింది. 2019 నవంబరు 22న సెబీ మధ్యంతర ఉత్తర్వుతో, దాదాపు 95,000 మంది ఖాతాదారులకు చెందిన 2,300 కోట్లకు పైగా విలువైన షేర్లను సంస్థ తన అప్పులకు తాకట్టు పెట్టిందని బయటపడింది. షేర్లు చాలావరకు ఖాతాదారులకు వెనక్కి వెళ్లాయి. అంతటితో బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు సాట్ తలుపు తట్టాయి. మేం నమ్మి అప్పు ఇచ్చిన తాకట్టు మా చేతిలోంచి ఎలా లాగేస్తారని వాటి ప్రశ్న. 2023 డిసెంబరులో సాట్ రుణదాతల పక్షాన మొగ్గింది. తప్పు చేసినవాడు పక్కకు తప్పుకుంటే, అమాయకులైన ఇద్దరి మధ్య నష్టం ఎవరు భరించాలన్న ఈ చిక్కు, న్యాయశాస్త్ర రీత్యా సత్యం కన్నా ఆసక్తికరమైనది.

మందుల కంపెనీలు మరో పాయ. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తనిఖీ ఫలితం షేరు ధరను పైకో కిందికో తోసేస్తుంది కనుక, ఆ ఉత్తరం ఎవరికి ఎప్పుడు తెలిసిందన్నది కేసవుతుంది. విశాఖ యూనిట్‌పై దిగుమతి ఆంక్షల ఎత్తివేత వార్త చుట్టూ 2017లో దివీస్ షేర్లలో జరిగిన ట్రేడింగ్‌పై సెబీ చర్య అలాంటిదే. అరబిందో ఫార్మా, దాని ప్రమోటర్లు ఇన్‌సైడర్ ట్రేడింగ్ వ్యవహారాన్ని 2018లో సుమారు 22 కోట్లు కట్టి సెటిల్ చేసుకున్నారు. డాక్టర్ రెడ్డీస్‌పై నాణ్యతా ప్రమాణాల వెల్లడి విషయంలో 2017లో న్యూజెర్సీలో పడిన క్లాస్ యాక్షన్ 2020లో 90 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది. బాచుపల్లిలో తయారైన మాత్రకు న్యూజెర్సీలో జవాబు చెప్పాల్సిన రోజులివి.

విమానాశ్రయమే కక్షిదారైతే

శంషాబాద్‌లో ఈ వృత్తికి ఆసక్తి కలిగించే వస్తువు విమానాశ్రయం అనే కంపెనీయే. జీఎంఆర్ హైదరాబాద్ ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్ లిమిటెడ్‌లో జీఎంఆర్ బృందానికి 74 శాతం, విమానాశ్రయాల ప్రాధికార సంస్థకు 13, తెలంగాణ ప్రభుత్వానికి 13 శాతం వాటాలున్నాయి. దాని మాతృసంస్థ లిస్టెడ్ కంపెనీ. విమానాశ్రయ కంపెనీ షేర్లు మార్కెట్లో లేకపోయినా, దాని అప్పు మాత్రం మార్కెట్లో ఉంది. 2017లో అది 35 కోట్ల డాలర్ల బాండ్లు 4.25 శాతం వడ్డీకి విదేశీ మదుపరులకు అమ్మి, సింగపూర్ ఎక్స్ఛేంజిలో లిస్ట్ చేసింది.

ఆ బాండ్ల ఆఫరింగ్ సర్క్యులర్ రాసేటప్పుడు సెక్యూరిటీస్ వకీళ్లు చేసే పని విచిత్రంగా ఉంటుంది. అమ్మేవాడి వకీలే, కొనేవాడికి భయం పుట్టించే విషయాలన్నీ ఏరి రాస్తాడు. యూజర్ ఫీజు తగ్గిస్తే ఏమవుతుంది, భూమి తగాదాలు ఏమున్నాయి, నియంత్రణ సంస్థ ఏఈఆర్ఏతో చార్జీల వివాదం ఎక్కడుంది, ప్రభుత్వంతో కన్సెషన్ ఒప్పందం తెగితే ఏమిటి. రేపు ఎవరైనా మాకు చెప్పలేదని దావా వేస్తే, చెప్పామని చూపించడానికే ఇదంతా. వ్యాజ్యాలు వాదించిన అనుభవం ఉన్నవారు ఈ పత్రాలు బాగా రాస్తారు. ఎక్కడ పట్టుకుంటారో వారికి తెలుసు. విమానాశ్రయ చార్జీల వివాదాలు మాత్రం ఢిల్లీలోని టీడీశాట్ అనే ట్రిబ్యునల్‌కు వెళతాయి. అంటే విమానాశ్రయం కూడా తన కేసు కోసం విమానం ఎక్కాల్సిందే.

రంగారెడ్డి జిల్లాలో ఈ చుట్టుపక్కల న్యాయ భూగోళం మారుతోంది. తెలంగాణ హైకోర్టు కొత్త భవనాలకు 2024 మార్చి 27న రాజేంద్రనగర్ మండలం బుద్వేల్‌లో అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ శంకుస్థాపన చేశారు. మూసీ ఒడ్డున 1920 నుంచి ఉన్న హైకోర్టు అక్కడికి చేరితే, ఔటర్ రింగ్ రోడ్డుకూ విమానాశ్రయానికీ దగ్గరగా కొత్త చాంబర్ల వాడ పుడుతుంది. ఎన్‌సీఎల్‌టీ హైదరాబాద్ బెంచి మాత్రం నగరం రెండో వైపు, నాగోల్ దగ్గర బండ్లగూడలో ఉంది.

వృత్తిలోకి రాక, జీవనం

చదువు దారి మామూలే. లాసెట్ రాసి మూడేళ్ల, ఐదేళ్ల ఎల్ఎల్‌బీ, లేదా క్లాట్ రాసి శామీర్‌పేటలోని నల్సార్ వంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం. ఆపైన బార్ కౌన్సిల్‌లో నమోదు, ఆలిండియా బార్ పరీక్ష. అసలు చదువు ఆ తర్వాతే. బ్యాలెన్స్ షీటు చదవడం, ఆర్డర్ బుక్ ఎలా కదులుతుందో తెలుసుకోవడం, లిస్టింగ్, టేకోవర్, ఇన్‌సైడర్ ట్రేడింగ్, మోసపూరిత వ్యాపార నిరోధక నిబంధనల్ని సవరణలతో సహా గుర్తుంచుకోవడం. బీకాం చదివి కంపెనీ సెక్రటరీ పూర్తిచేసి, తర్వాత లా చదివినవారు ఇక్కడ బాగా రాణిస్తారు. ఇంకో విషయం, సాట్ ముందు వాదించడానికి వకీలే అయి ఉండనక్కర్లేదు. చార్టర్డ్ అకౌంటెంట్లు, కంపెనీ సెక్రటరీలు, కాస్ట్ అకౌంటెంట్లు కూడా హాజరు కావచ్చని సెబీ చట్టం చెబుతోంది. యువ వకీళ్లకు ఇది పోటీ. చాలామందికి మాత్రం పొత్తు. నోటీసు ముందుగా కంపెనీ సెక్రటరీ టేబుల్ మీదికే వస్తుంది, వకీలు పేరు ముందుగా చెప్పేదీ వారే.

మొదటి ఏళ్లు సీనియర్ ఆఫీసులో జూనియర్‌గా గడుస్తాయి. నోట్లు తయారుచేయడం, పేజీలకు నంబర్లు వేయించడం, కక్షిదారుకు ఫోన్లు. నగరాల్లో జూనియర్లకు నెలకు కనీసం 20,000 ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. అది సూచన మాత్రమే. ముంబైలో పెద్ద సంస్థలో చేరిన క్లాస్‌మేట్ జీతం దీనికి ఎన్నో రెట్లు. అందుకే ఆసక్తి ఉన్న తెలుగు పిల్లల్లో చాలామంది శంషాబాద్ నుంచి ఒకవైపు టికెట్‌తో వెళతారు. మిగిలినవారు సెబీ చట్టంతో పాటు ఎన్‌సీఎల్‌టీ దివాలా కేసులు, ఆర్బిట్రేషన్, ఆర్థిక నేరాల బెయిళ్లు కలిపి చూసుకుంటారు. సెక్యూరిటీస్ పని ఒక్కటే నమ్ముకుని హైదరాబాద్‌లో ఆఫీసు నడపడం కష్టం. కోవిడ్ కాలంలో, 2020 నుంచి, సెబీ, సాట్ వీడియోలో వినడం మొదలయ్యాక పరిస్థితి కొంత మారింది. బంజారాహిల్స్‌లో కూర్చుని నారిమన్ పాయింట్‌లో వాదించడం సాధ్యమైంది. అయినా పెద్ద కేసు తుది వాదనకు సీనియర్ కౌన్సెల్‌ను ముంబైలో పెట్టుకుని, పక్కన కూర్చోవడానికి ఇక్కడి వకీలు వెళుతూనే ఉంటారు. కక్షిదారు తెలుగువాడైతే ఆ పక్కన కూర్చోవడానికి విలువ ఉంది. ప్రమోటరు ఇంట్లో ఎవరి పేరు మీద ఏ కంపెనీ ఉందో, ఏ సంతకం ఏ పెళ్లి హడావుడిలో పెట్టారో ముంబై సీనియర్‌కు ఎవరు చెబుతారు?

వకీలుగా కాక సెబీ లోపలి నుంచి పనిచేసేవారూ ఉన్నారు. సెబీ న్యాయ విభాగానికి లా గ్రాడ్యుయేట్లను అసిస్టెంట్ మేనేజర్లుగా పరీక్ష పెట్టి తీసుకుంటుంది. కొన్నేళ్లు నోటీసులు రాసి, తర్వాత బయటికి వచ్చి వాటికి జవాబులు రాసేవారు ఈ రంగంలో తక్కువేం కాదు. కంపెనీల్లో ఇన్‌హౌస్ న్యాయ విభాగం ఇంకో గమ్యం.

న్యాయపీఠం మరొకటి. సత్యం క్రిమినల్ కేసులో సీబీఐ తరఫున వాదించిన ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్ కె. సురేందర్ 2022 మార్చిలో తెలంగాణ హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఆ కేసులో 2015 తీర్పు రాసిన ప్రత్యేక న్యాయమూర్తి బి.వి.ఎల్.ఎన్. చక్రవర్తి అదే ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు.